పదహారా, పందొమ్మిదా

మార్చి 3, ఆదివారం

పదహారు చూసొచ్చాను.

పందొమ్మిది నిన్ననే చూశాను, పాత కార్లు అమ్మే షోరూంలో. నిజానికి రెండూ ఒకే కారు. అదే కంపెనీ, అదే ఎరుపు, అవే రెండు సీట్లు, ఇంజను సీట్ల వెనకాల. ఒకటి రెండువేల పదహారులో తయారైంది, ఇంకొకటి రెండువేల పందొమ్మిదిలో. పదహారు దాకా ఆరు సిలిండర్ల పెద్ద ఇంజను పెట్టారు. తర్వాత నుంచి చిన్న ఇంజను పెట్టి దానికి టర్బో తగిలించారు. కాగితం మీద చూస్తే పందొమ్మిదిదే వేగం. గేర్లు కూడా తనే మార్చుకుంటుంది, ఎడమ కాలికి పనే లేదు. కానీ ఇంటర్నెట్‌లో కార్ల పిచ్చోళ్ళందరూ పదహారే అంటారు. ఆ గొంతు మళ్ళీ రాదంటారు.

పదహారు ఓనరు ఒక పెద్దావిడ. అరవై ఎనిమిదేళ్ళు. ఆపరేషన్లకి మత్తిచ్చే డాక్టరుగా చేసి రిటైరయ్యారట. మత్తు డాక్టరు గారు అని మనసులో పేరు పెట్టేసుకున్నాను. చూపు పోతోందట, అందుకే అమ్మడం.

"నడిమధ్య పోయింది బాబూ, అంచులు మిగిలాయి. ఇప్పుడు నీ చెవులు కనిపిస్తున్నాయి, మొహం లేదు," అన్నారు.

నన్నే నడపమని పక్క సీట్లో కూర్చున్నారు. రోడ్డు కనిపించదు కదా, చెవితో చూస్తున్నారు. ఇంజను గొంతు పైకి పోతుంటే వేలెత్తి ఆగి, "ఇప్పుడు మార్చు," అనేవారు. మారిస్తే బండి వెన్న మీద కత్తిలా పోయింది. ఒకసారి నేను తొందరపడి ముందే మార్చాను. "పాపం, దాని మాట పూర్తి కానివ్వవేం?" అని కసిరారు.

తిరిగొచ్చాక, "ఏమంటావు?" అని అడిగారు.

నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "మా ఆవిడని అడిగి చెప్తానండీ."

ఆవిడ మొహం విప్పారింది. "ఇంట్లో అడిగి చేసే మగాణ్ణి చూసి ఎన్నాళ్ళయిందో. అడుగు నాయనా, నేనాగుతాను."

బస్సులో వస్తూ ఆలోచించాను. మరీ అంత పెద్ద అబద్ధమేం కాదు. పద్దెనిమిదేళ్ళు కాపురం చేశాను, ఏ పనైనా ఇంట్లో అడిగే చేశాను. ఆ ఒక్క విషయంలో తను నన్ను వేలెత్తి చూపలేదు. విడాకుల కాగితం వచ్చి పద్నాలుగు నెలలైందని నోటికేం తెలుసు.

మార్చి 4, సోమవారం

పదకొండూ పదికి షోరూమాయన ఫోను. యాభై దాటిన మనిషి, రెండు మాటలకోసారి దగ్గుతాడు. "మేడం గారికి ఫోటోలు చూపించారా సార్?"

అంటే ఈయనకీ చెప్పానన్నమాట.

చూపించానన్నాను. ఆలోచిస్తోందన్నాను.

మార్చి 6, బుధవారం

కొత్త నోటు పుస్తకం కొని, నిలువు గీత గీసి, ఎడమ పక్క పదహారు, కుడి పక్క పందొమ్మిది రాశాను.

పదహారు: గొంతు. మూడు పెడళ్ళు. వయసైంది, విడి భాగాలు దొరకడం కష్టం. ఒక్కరే నడిపారు, అదీ మత్తిచ్చే చేత్తో, జాగ్రత్తగా.

పందొమ్మిది: వేగం. ఇంకో ఏడాది గ్యారంటీ. టర్బో అందుకున్నప్పుడు ఎవరో వీపు మీద చెయ్యేసి తోసినట్టుంటుంది. గొంతు మాత్రం మిక్సీ.

రెండు పక్కలా సమానంగా వచ్చింది. ఇంకా చదవాలి.

మార్చి 8, శుక్రవారం

ల్యాబులో పని ఎక్కువ. నేను చేసేది కట్టుడు పళ్ళు. డాక్టర్లు అచ్చు తీసి పంపుతారు, నేను పింగాణీతో పన్ను చేసి, పక్క పంటి రంగు కలిపి పంపుతాను. ఇరవై నాలుగేళ్ళుగా వేల నోళ్ళు చూశాను, ఒక్క మొహం చూడలేదు. పక్క బల్లాయన రోజంతా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే ఉంటాడు. ఇవాళ నేను నోరు తెరిచింది మూడుసార్లు. ఒకటి టీ తెచ్చినావిడతో, రెండు షోరూమాయనతో, మూడోది ముందు పన్నొకటి చేతిలో విరిగితే, దాంతో.

సాయంత్రం అక్క ఫోను చేసింది. కారు సంగతి చెప్పాను.

"రెండు సీట్ల కారెందుకురా?"

"అందులో ఉండేవే రెండు సీట్లక్కా."

"అదే అంటున్నా. నీకు ఒకటి ఎక్కువేగా."

నవ్వాను. తనూ నవ్వింది. 

మార్చి 10, ఆదివారం

పదహారు మళ్ళీ నడిపాను. కొనేముందు రెండుసార్లు నడపాలని అందరూ రాస్తారు.

ఈసారి డాక్టరు గారు కాఫీ ఇచ్చారు. కప్పు అంచు మీద వేలు పెట్టి, వేలికి వేడి తగలగానే పోయడం ఆపుతున్నారు. నేను పోస్తానంటే, "కూర్చో, ఇంకా అంత కాలేదు," అన్నారు.

కారు ఎందుకు కొన్నారో చెప్పారు. "మా ఆయన పోయిన ఏడాదికి కొన్నాను. ఆయనున్నన్నాళ్ళూ స్టీరింగు నా చేతికివ్వలేదు. పైగా గేరు మార్చినప్పుడల్లా ఎందుకు మార్చాడో నాకు పాఠం చెప్పేవాడు. ముప్పై ఏళ్ళు విన్నాను. అందుకే నాకింత బాగా వచ్చు."

తర్వాత, "మీ ఆవిడేం చేస్తుంది?" అన్నారు.

"లైబ్రరీలో పని చేస్తుందండీ." ఇది నిజం.

"కారు గురించి ఏమంటోంది?"

"ఎరుపు మరీ కళ్ళకి కొడుతుందేమో అంటోంది."

వచ్చేటప్పుడు అదే ఆలోచన. తనకి ఎరుపు నచ్చదా? నచ్చదనే అనుకుంటాను. అసలు ఏ రంగిష్టమో గుర్తు తెచ్చుకుందామని చూశాను. పంటి రంగులో వెంట్రుకంత తేడా ఉన్నా పట్టుకునేవాణ్ణి. గుర్తు రాలేదు.

మార్చి 14, గురువారం

డాక్టరు గారు ల్యాబుకి ఫోను చేశారు. బేకరీ నడిపే ఆయనొకడు వచ్చి కారు చూసి, ఇప్పుడే తీసుకుపోతానన్నాడట. "నీకు మాటిచ్చాను కదా, పొమ్మన్నాను. ఎంత దిగులుగా పోయాడో, పాపం."

ఇంకో సంగతి. ఏప్రిల్ నెలాఖరుకి ఆవిడ ఆ ఇల్లు ఖాళీ చేసి, పాత వాటర్ ట్యాంకు వెనకాల, చూపు తగ్గిన పెద్దవాళ్ళుండే హోంకి వెళ్ళిపోతారట. ఈలోగా గ్యారేజీ ఖాళీ కావాలి.

"మీ ఆవిణ్ణి ఒకసారి తీసుకురా. ఆ పక్క సీట్లో కూర్చోవలసింది తనేగా. నడుం పట్టేస్తుందో లేదో చూసుకోవద్దూ?"

తీసుకొస్తానన్నాను.

ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత నాకోసమే పుట్టినట్టుంది.

మార్చి 17, ఆదివారం

మూడోసారి నడిపాను. మా ఆవిడకి జ్వరమని చెప్పాను. డాక్టరు గారు కంగారు పడి, ఎన్ని డిగ్రీలు, దగ్గుందా, నీళ్ళు బాగా తాగిస్తున్నావా అని అడిగారు. అన్నిటికీ జవాబులు చెప్పాను. నూటొకటి అన్నాను.

మార్చి 19, మంగళవారం

ఒక సంగతి రాయాలి. ఇది ఎవరూ చదవరు కాబట్టి.

ఈ పదిహేను రోజుల్లో నాకొచ్చిన ఫోన్లు: షోరూమాయన పదకొండు. డాక్టరు గారు ఆరు, అందులో రెండు మా ఆవిడ జ్వరం ఎలా ఉందని. అక్క రెండు. రాంగ్ నంబరు ఒకటి.

కారు కొనేసిన మర్నాటి నుంచి నాకు మిగిలేది అక్కా, రాంగ్ నంబరూ.

మొదటి ఆదివారమే తేలిపోయింది, పదహారే అని. రెండో గేరులోనే తేలిపోయింది. నోటు పుస్తకంలో గీత గీసే నాటికి నాకు తెలుసు.

మార్చి 20, బుధవారం

నిన్న రాసింది అతిగా ఉంది. ఇంత పెద్ద వస్తువు కొనేటప్పుడు ఎవరైనా నిదానంగానే చూస్తారు. పందొమ్మిదికి గ్యారంటీ ఉంది, అది చిన్న విషయం కాదు.

మార్చి 24, ఆదివారం

వెళ్ళలేదు. జ్వరం తగ్గింది గానీ నీరసంగా ఉందని ఫోను చేసి చెప్పాను. "మంచిది, దగ్గరే ఉండు," అన్నారు డాక్టరు గారు.

రోజంతా గదిలో కూర్చున్నాను. రెండు షర్టులు ఉతికాను.

మార్చి 26, మంగళవారం

తనకి ఫోను చేశాను. లైబ్రరీలో భోజనం వేళ చూసుకుని చేశాను.

"చెప్పండి," అంది, బ్యాంకు వాళ్ళతో అన్నట్టు. వెనకటి ఏమండీ లేదు.

చెప్పాను. ఒక పెద్దావిడ దగ్గర కారు చూశాను, మాటల్లో అనుకోకుండా నీ ప్రస్తావన వచ్చింది, ఒక్క గంట వచ్చి చూసి పోతే చాలు. నా భార్యగా.

 ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను.

"నేను వద్దన్నానని చెప్పారా?"

"లేదు లేదు. ఆలోచిస్తున్నావని చెప్పాను."

"ఎన్నాళ్ళ నుంచి ఆలోచిస్తున్నాను?"

"మూడు వారాలు."

నవ్విందో ఇంకేదైనా చేసిందో తెలీదు, ఊపిరి చప్పుడొచ్చింది. "ఆదివారం ఎన్నింటికి?" అంది.

మార్చి 29, శుక్రవారం

కొత్త షర్టు కొన్నాను.

మార్చి 31, ఆదివారం

అంతా రాయాలి. వరసగా రాయాలి.

తను పదింటికి వచ్చింది, మా పాత కారులో. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. బాగుంది అందామనుకుని అనలేదు. డాక్టరు గారు చెయ్యి చాచి తన భుజం తడిమి, "పొట్టిదానివే, సీటు సరిపోతుంది. జ్వరం తగ్గిందా తల్లీ?" అన్నారు.

తను నా వైపు చూసింది. "తగ్గిందండీ," అంది.

ఉన్నవి రెండే సీట్లు, డాక్టరు గారు గ్యారేజీ దగ్గరే ఉండిపోయారు. మేమిద్దరం బయల్దేరాం. వీధి చివర్లోనే ఒకసారి ఇంజను ఆగిపోయింది. నాలుగు వారాల్లో ఎప్పుడూ ఆగలేదు.

"ఎప్పట్నుంచి మీకు కార్లంటే ఇష్టం?" అంది.

"ఎప్పట్నుంచో. చిన్నప్పట్నుంచి."

"పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి చెప్పలేదు."

"నువ్వు వద్దంటావని."

అప్పటిదాకా బయటికి చూస్తున్న మనిషి ఇటు తిరిగింది. "ఒక్కటి చెప్పండి. నేను దేన్ని వద్దన్నాను? ఒక్కటంటే ఒక్కటి."

సిగ్నలు దగ్గర ఆగి ఉన్నాం. ఆలోచించాను. లైటు మారింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

"పోనివ్వండి, తర్వాత వెతుక్కుందురు గాని," అంది.

కొంతదూరం పోయాక తనే మొదలుపెట్టింది. కోపంగా కూడా అనలేదు, కాగితం చూసి చదువుతున్నట్టు అంది. "మీకు పెద్ద ల్యాబులో ఉద్యోగం వచ్చింది, ఇంకో ఊళ్ళో. మా ఆవిడకి ఊరు మారడం ఇష్టం లేదని మీ ఓనరుకి చెప్పారు. నాలుగేళ్ళ తర్వాత ఆయన భార్య నన్ను నిలదీసింది, మొగుణ్ణి ఎదగనివ్వవా అని. అప్పుడు తెలిసింది నాకు ఆ ఉద్యోగం సంగతి."

"నీకు చెప్పాననే..."

"లేదు. పాపని పెంచుకుందామన్నాను. అనాథాశ్రమానికి రెండుసార్లు నేనొక్కదాన్నే వెళ్ళొచ్చాను. మీరు ఆలోచిద్దాం, ఆలోచిద్దాం అన్నారు, ఏడాదిన్నర. మీ అక్కకేం చెప్పారు?"

బండి పక్కకి తీసి ఆపాను. మూసేసిన ఫర్నిచర్ షాపు ముందు.

"దానికి మనసు రావట్లేదక్కా అన్నారు. అవునా?"

అవునన్నాను.

"మీ అక్క ఇప్పటికీ నన్ను రాయి అనుకుంటుంది. మీ మీద జాలి పడుతుంది. ఊళ్ళో అందరూ మీ మీద జాలి పడేవాళ్ళే. పాపం నోట్లో నాలుక లేని మనిషి, గయ్యాళి పెళ్ళాం అని. నేను గట్టిగా ఒక మాటన్నది ఎప్పుడో మీరైనా చెప్పండి."

"నాకు భయమేసింది," అన్నాను. ఇది నేను ముందు అనుకుని అన్న మాట కాదు. "పాప వస్తే ఎలా పెంచాలో, ఏమవుతుందో అని భయమేసింది."

తను చాలాసేపు ఆ షాపు షట్టరు వైపే చూసింది.

"ఆ ముక్క నాతో అంటే సరిపోయేదిగా," అంది. "ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం."

తిరిగొచ్చేటప్పుడు ఒకే ఒక్కసారి మాట్లాడింది. "కారు బాగుంది. కొనుక్కోండి, మానుకోండి, మీ ఇష్టం. నన్ను అడ్డం పెట్టుకోవడం మాత్రం ఇక చాలు."

గ్యారేజీ దగ్గర దిగి డాక్టరు గారితో, "సీటు సరిపోయిందండీ. మిగతాది ఆయన చెప్తారు," అని, తన కారెక్కి వెళ్ళిపోయింది. ఎరుపు నచ్చిందో లేదో అడగడం మర్చిపోయాను.

నేను చెప్పాను. విడాకులు, జ్వరం, నూటొక డిగ్రీ, అన్నీ. డాక్టరు గారు నిలబడే విన్నారు, కారు మీద ఒక చెయ్యి ఆనించి.

"ఆపరేషన్ బల్లెక్కినవాణ్ణి, పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా అని అడుగుతాం. లేదంటాడు. నిజం చెప్తే ఆపరేషన్ వాయిదా పడుతుందని భయం. అందుకే మేం రెండోసారి అడుగుతాం, మొహంలోకి చూసి. నలభై ఏళ్ళు అడిగాను. నిన్ను అడగలేదు. నీ మొహం నాకు కనపడదుగా."

క్షమించమన్నాను.

"నాకు బాధ దేనికో తెలుసా? ఆ బేకరీ ఆయన్ని పంపేసినందుకు కాదు. వారం రోజులు మీ ఆవిడ జ్వరం గురించి బెంగ పెట్టుకున్నాను. నాకు ఇప్పుడు బెంగ పడటానికి కూడా ఎవరూ లేరయ్యా. ఒక మనిషి దొరికిందనుకున్నాను." కారు మీంచి చెయ్యి తీశారు. "కారు నీకివ్వను. కోపంతో కాదు అనను, కోపంతోనే."

ఏప్రిల్ 1, సోమవారం

పదకొండూ పదికి ఫోను మోగింది. ఎత్తలేదు.

ఏప్రిల్ 3, బుధవారం

అక్కకి ఫోను చేశాను. నిలబడి చేశాను, కూర్చుంటే చెప్పలేనని. పాప సంగతి చెప్పాను. వద్దనుకున్నది తను కాదక్కా, నేను.

అక్క నాలుగైదుసార్లు ఏంటి, ఏంటి అంది, వినపడనట్టు. వినపడింది.

"దాన్ని నేను మన ఇంట్లో పెళ్ళిలో అందరి ముందూ అన్నానురా," అంది. "బిడ్డ విలువ నీకేం తెలుసు అన్నాను. అది తల వంచుకుని నిలబడింది. నువ్వు పక్కనే ఉన్నావు."

ఉన్నాను.

"నువ్వు పక్కనే ఉన్నావురా," అని మళ్ళీ అంది. ఫోను పెట్టేసింది.

నాకా పెళ్ళి గుర్తుంది. తను మాట పడుతుంటే నేను చేతిలో ఉన్న గ్లాసు వైపు చూస్తూ నిలబడ్డాను. గ్లాసు మీద నీలం గీతలున్నాయి. ఆ నీలం ఎలాంటి నీలమో ఇప్పటికీ కలిపి చూపించగలను.

ఏప్రిల్ 5, శుక్రవారం

డాక్టరు గారు ఫోను చేశారు. గొంతు పొడిగా ఉంది. బేకరీ ఆయనకి కారు ఇచ్చేశారట. కాగితాలన్నీ అయిపోయాయట. "అతను ఆదివారం కొట్టు వదిలి రాలేడు, నేను నడపలేను. నువ్వు నడుపు. దాని తీరు నీకు తెలుసు. నీకు బుద్ధి రావడానికి కూడా అదే మందు."

సరేనన్నాను.

ఏప్రిల్ 7, ఆదివారం

పదహారు ఇచ్చేసి వచ్చాం.

గంట దారి. డాక్టరు గారు పక్కన కూర్చున్నారు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఒక్కసారీ "ఇప్పుడు మార్చు" అనలేదు. నేనే వింటూ మార్చాను. ఊరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. మూడో గేరులో ఉంచి చివరిదాకా పోనిచ్చాను. గొంతు మన వీపులోంచే వస్తున్నట్టుంటుంది. డాక్టరు గారి మొహం చూడాలనిపించింది, కానీ రోడ్డు మీదే కళ్ళు పెట్టాను. తర్వాత చూస్తే కిటికీ వైపు తిరిగి ఉన్నారు, చెంపలు తడిగా ఉన్నాయి. నేను వేగం తగ్గించబోతే, "తగ్గించావంటే చంపుతాను," అన్నారు.

బేకరీ ఆయన మోచేతుల దాకా పిండితో బయటికొచ్చాడు. కారుని ముట్టుకోబోయి ఆగి, లోపలికి పరిగెత్తి చేతులు కడుక్కుని వచ్చాడు. వెనకే ఆయన భార్య. కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"దీంట్లో పిండి బస్తా ఎక్కడ పెడతావు? నీ నెత్తి మీదా?"

"బస్తా కోసం కాదే, నాకోసం కొన్నాను."

"వద్దన్నానా లేదా?"

"అన్నావు. పదిసార్లన్నావు. నేను పదిసార్లు కావాలన్నాను. లెక్క సరిపోయింది."

ఆవిడ తిడుతూనే వెళ్ళి పక్క సీట్లో కూర్చుంది. తలుపేసుకుని మరీ తిట్టింది. ఆయన నవ్వుతున్నాడు.

వాళ్ళ పోట్లాట చూస్తుంటే నాకు కడుపు మండింది. కారు చేజారినందుకు కూడా అంత మండలేదు.

మాకు చెరో వేడి రొట్టె కాగితంలో చుట్టిచ్చారు. బస్టాపు దాకా నడిచాం. డాక్టరు గారు నా మోచెయ్యి పట్టుకున్నారు, అదీ ఫుట్‌పాత్ ఎత్తుగా ఉన్నచోట మాత్రమే. వచ్చే బస్సుల నంబర్లు నేను చదివి చెప్పాను.  ఇంటి దగ్గర దింపాక, "ఖాళీ గ్యారేజీ చూడలేకపోవడం కూడా ఒక అదృష్టమే," అని తలుపేసుకున్నారు.

మళ్ళీ రమ్మనలేదు.

ఏప్రిల్ 9, మంగళవారం

షోరూమాయన ఎంత పాపం మనిషో ఇవాళ తెలిసింది. ఫోనులో చెప్పకుండా మధ్యాహ్నం నేనే వెళ్ళాను. పందొమ్మిది తుడిచి తళతళలాడించి ముందు వరసలో పెట్టాడు. మళ్ళీ ఒకసారి నడపమన్నాడు. వద్దన్నాను.

"మేడం ఒప్పుకోలేదా సార్?"

"మేడం లేరండీ. ఉన్నప్పుడు కూడా ఆవిడకీ దీనికీ సంబంధం లేదు. నాకే వద్దు."

ఏదో అనబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక, "పర్లేదు సార్. ముందే చెప్పేసుంటే నాకు ఇంకో మనిషికి ఫోను చేసుకునే వీలుండేది. మీరు మంచోరని రోజూ మీకే చేశాను," అన్నాడు. నీళ్ళు తాగమని గ్లాసు నాకే అందించాడు.

నాలుగు వారాల పాటు ఆ మనిషిని మాటల కోసం వాడుకున్నాను.

ఏప్రిల్ 10, బుధవారం

పదకొండూ పది. మోగలేదు.

ఏప్రిల్ 11, గురువారం

మోగలేదు.

ఏప్రిల్ 15, సోమవారం

పింగాణీ మూడుసార్లు కాల్చాల్సి వచ్చింది. రంగు కలవట్లేదు. పక్క బల్లాయన ఇయర్‌ఫోను తీసి, "ఒంట్లో బాలేదా?" అన్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి. బానే ఉందన్నాను. ఆయన మళ్ళీ పెట్టుకున్నాడు. బాలేదని చెప్పి ఉండాల్సింది.

ఏప్రిల్ 18, గురువారం

అక్క నుంచి మెసేజి. "దానికి ఫోను చేశాను. గంటసేపు ఏడ్చాను. అది నన్ను ఓదార్చింది."

నా గురించి ఏమీ లేదు.

ఏప్రిల్ 21, ఆదివారం

ఏమీ లేదు.

ఏప్రిల్ 24, బుధవారం

డాక్టరు గారు ఈపాటికి ఇల్లు మారి ఉంటారు. సామాన్లెవరు సర్దారో.

ఏప్రిల్ 28, ఆదివారం

మధ్యాహ్నం బస్సెక్కి పాత వాటర్ ట్యాంకు దగ్గర దిగాను. ఎందుకు వెళ్తున్నావని దారంతా నన్ను నేనే అడిగాను. పుస్తకాలివ్వడానికి అనుకుంటే చదవలేరు. సారీ చెప్పడానికి అనుకుంటే అది చెప్పడం అయిపోయింది. రెండుసార్లు వెనక్కి తిరిగాను, స్టాపు దాకా ఒకసారి వెళ్ళిపోయాను కూడా.

గేటు దగ్గర ఒకావిడ రిజిస్టరు తోసింది. పేరు, టైము రాశాను. సంబంధం అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.

"బంధువులా?"

"కాదు."

"హాస్పిటలు నుంచా?"

"కాదండీ."

"మరెవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు. చూడాలనిపించి నేనే వచ్చాను."

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి, ఆ గడిలో తనే ఒక గీత గీసేసింది.

వరండాలో బల్ల మీద కూర్చోమన్నారు. అరగంట కూర్చున్నాను. డాక్టరు గారికి కబురెళ్ళింది, రారేమో అనుకున్నాను. ఇంతలో గోడ వెంట చెయ్యి జార్చుకుంటూ మెల్లగా వచ్చారు. చీర మీద స్వెట్టరు. కొత్త చోటు కదా, అడుగులు లెక్కపెట్టుకుంటున్నారు, పెదవులు కదులుతున్నాయి. నేను లేచి ఎదురెళ్ళలేదు. ఇంకా అంత కాలేదని తిడతారని.

బల్ల తడుముకుని నా పక్కన కూర్చున్నారు.

"పందొమ్మిది కొన్నావా?"

"లేదండీ."

"మంచి పని చేశావు. అది మిక్సీ." స్వెట్టరు సర్దుకున్నారు. "ఎందుకొచ్చావు?"

"తెలీదండీ. ఆదివారం గడవట్లేదు."

తల పంకించారు. నా వైపు తిరిగి, చూపు నా చెవి దగ్గర నిలిపారు. "ఇక్కడ కూడా గడవదు. రాత్రి భోజనానికి ఇంకా రెండు గంటలుంది. నీ గురించి చెప్పు. నెలరోజులు నాకు వేరే ఎవడి గురించో చెప్పావు."

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. పొద్దున ఏడింటికి లేచానని, పాలు విరిగిపోయాయని, అక్కణ్ణించి మొదలుపెట్టాను.